ముక్కాలోడి నడక

పోయిన వారం పూర్ణిమను ముసురులో, ఆళ్లగడ్డ బస్టాండు రేకుల కింద వదిలిపెట్టాం. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో తండ్రి బాలస్వామి జబ్బ పట్టుకుని నంద్యాల బస్సు కోసం నిలబడి ఉంది. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు. బాలస్వామి ఆళ్లగడ్డలో పేరున్న శిల్పి. నాలుగేళ్ల కిందట పనిశాలలో అమ్మవారి విగ్రహం ఒరిగి ఆయన కాలి మీద పడింది. మూడు వేళ్లు పోయాయి, చేతికర్ర వచ్చింది. విగ్రహం లేపే చైను పట్టుకున్న కొడుకు ప్రవీణ్ ఫోన్లో గేము ఆడుకుంటూ వదిలేశాడని ఊరు చెప్పుకుంది. ఊరికి ఆ మాట చెప్పింది బాలస్వామే.

తండ్రికి కాలి కట్టు విప్పి, కర్రతో నడక కుదురుకున్న కొన్నాళ్లకు ప్రవీణ్ ఇల్లు విడిచి పోయాడు. పాత నంబరు పనిచేయలేదు. రెండేళ్ల కిందట ఒకే ఒక్కసారి వాడు చిన్నాయన లక్ష్మీనారాయణకు ఫోన్ చేశాడట. చచ్చినా ఆ గడప తొక్కనన్నాడనీ, నంబరు కూడా ఇవ్వలేదనీ లక్ష్మీనారాయణే వచ్చి చెప్పాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ప్రవీణ్ పేరు ఎత్తినవాళ్లు లేరు, పూర్ణిమ తప్ప. తల్లి చిన్నప్పుడే పోతే అన్నను పెంచింది ఆ పిల్ల, వయసుకు చెల్లెలైనా. అన్నను మళ్లీ ఇంటికి తెచ్చుకోవాలన్నది తప్ప ఆమెకు వేరే కోరిక లేదు.

మొన్నామధ్య నంద్యాలలో, ప్రవీణ్ స్నేహితుడు బాబ్జాన్ నడిపే గేమ్ సెంటరులో, ఆమె ఒక మూడుకాళ్ల యంత్రాన్ని చూసింది. అది మన లోకపుది కాదు. వేరే నక్షత్రం నుంచి కోటలు పగలగొట్టడానికి దిగిన యంత్రం, ఒట్టి గేములోది. కానీ అది నడిచింది మాత్రం అచ్చం వాళ్ల నాయన నడిచినట్టే. దాన్ని చేసిన చెయ్యి ఎవరిదో ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అందుకే ఇవాళ కండ్ల డాక్టరుకు చూపించుకొద్దామని నాయనకు అబద్ధం చెప్పి బయల్దేరదీసింది.

బస్సు శిరివెళ్ల దాటింది. కిటికీ అద్దం మీద నీళ్లు కారుతున్నాయి. అవతల నల్లరేగడి చేలల్లో పత్తి తడిసి, తీసేవాళ్లు లేక చెట్టు మీదే మురిగిపోతోంది. ఆకాశం పొద్దున్నించీ ఒకే రంగులో ఉంది, మధ్యాహ్నమో సాయంత్రమో తెలియకుండా. దారిలో రెండుసార్లు లక్ష్మీనారాయణ ఫోన్ చేశాడు. ఏ ఆస్పత్రి, ఏ వీధి, ఎప్పుడొస్తారు అని అడిగాడు. రేపు నేనే తీసుకుపోదును గదా, ఆడపిల్ల ఒక్కతే తిప్పలెందుకు అని కూడా అన్నాడు. నాయన కండ్ల మీద చిన్నాయనకు ఇంత శ్రద్ధ ఎప్పుడు పుట్టిందో పూర్ణిమకు అర్థం కాలేదు. ఆస్పత్రి పేరు నోటికొచ్చింది చెప్పి పెట్టేసింది.

నంద్యాల బస్టాండులో ఆటో ఎక్కి శ్రీనివాస సెంటరు దాటి ఒక సందులో దిగారు. కింద మందుల షాపు, పైన గేమ్ సెంటరు. బోర్డు మీద తుపాకులు పట్టుకున్న మనుషుల బొమ్మలు చూసి బాలస్వామి వాన నీళ్లల్లోనే నిలబడిపోయాడు.

"ఏందీ పాపా ఇది? ఈడ కండ్ల డాక్టరు యాడుండాడు?"

"కండ్లు బాగనే ఉండాయి నీకు. సూపిచ్చేది వేరే ఉండాది. రోంతసేపు నా మాట ఇను నాయనా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం బాలస్వామి. ఇంకో రోజైతే అదే ఆటోలో వెనక్కు తిరిగేవాడు. కానీ వాన పెద్దదైంది, ఆటో పోయింది, తడిసిన కాలు సలపడం మొదలైంది. గొణుక్కుంటూ మెట్ల వైపు కదిలాడు.

మొదటి మెట్టు ఎక్కే ముందు కర్రతో రాతిని రెండుసార్లు తట్టాడు. ఇది ఆయన అలవాటు. కొత్త రాయి పనిశాలకు వస్తే శిల్పి ముందు సుత్తితో తట్టి వింటాడు. గంటలా మోగితే మంచి రాయి, చప్పుడు మూగపోతే లోపల పగులున్నట్టు. కాలు పోయాక బాలస్వామి ఆ పరీక్షను మెట్లకూ గడపలకూ కూడా పెట్టాడు. రెండుసార్లు తట్టి, తల కొంచెం పక్కకు వంచి విని, అప్పుడు కర్ర, దాని వెనక ఈడ్చుకుంటూ చెడ్డ కాలు, ఆఖర్న మంచి కాలు.

పైన బాబ్జాన్ ఆ చప్పుడు విని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఈ ఏడాదిగా రోజూ ఆ చప్పుడు వింటున్నాడు, కంప్యూటర్లలో. మనిషి కర్ర నుంచి రావడం ఇదే మొదలు.

ముసురుకు కుర్రాళ్లెవరూ రాలేదు. వరసగా పెట్టిన కంప్యూటర్లన్నీ నల్లగా ఉన్నాయి. బాబ్జాన్ తన కుర్చీనే తుడిచి వేసి, కిందినుంచి టీ తెప్పించాడు. ప్రవీణ్ స్నేహితుణ్ణి చూడగానే బాలస్వామి ముఖం గట్టిపడింది. వీళ్ల సావాసంతోనే కొడుకు పాడైపోయాడని ఆయన లెక్క. టీ గ్లాసు ముట్టుకోలేదు. బాబ్జాన్ అదేం పట్టించుకోకుండా, పెదనాయనా అంటూనే గేము తెరిచాడు.

ఆ గేము పేరు ఏడు ప్రాకారాలు. ఆడేవాడిది రాతికోట, లోపల వాడి జనం. బయటినుంచి వేరే లోకంవాళ్లు అలలు అలలుగా వచ్చి పడతారు. ఏడో గోడ కూలితే అయిపోయినట్టే. చిన్నాచితకా యంత్రాలను ఎట్లాగో కాచుకోవచ్చు. అన్నీ అయ్యాక, తెర కొసన పొగలోంచి ఒక పెద్ద యంత్రం వస్తుంది. గోడలు కరిగించడమే దాని పని. దానికి ఇంగ్లీషులో మూరెడు పేరుంది, ఆ పేరు పలికినవాడు నంద్యాలలో ఇంతవరకు లేడు. పిల్లలందరికీ అది ముక్కాలోడు.

ముక్కాలోడు పొగలోంచి బయటికి వచ్చాడు. చెట్లకంటే ఎత్తు. మూడు ఇనపకాళ్ల మీద బోర్లించిన కుండలాంటి ఒళ్లు, ఆ ఒంట్లో ఒకే ఒక కన్ను. కడుపు కింద పొడుగాటి చైను వేలాడుతోంది.

"అది మన కప్పీ స్టాండు గదా," అన్నాడు బాలస్వామి తెలియకుండానే. పనిశాలలో విగ్రహాలు లేపడానికి మూడు ఇనపకాళ్లు నిలబెట్టి, పైన కప్పీ కట్టి, చైను దించుతారు. దాన్నే ఎవరో ఊరంత చేసి ప్రాణం పోశారు.

అప్పుడది నడిచింది. ముందరి కాలు కర్రలాగా పడింది. దాని వెనక రెండో కాలు బయటివైపు తిరిగి నేలను గీసుకుంటూ వచ్చింది. ఆఖర్న మూడోది. గోడ దగ్గరికొచ్చి ఆగింది. ముందరి కాలితో రాతిని రెండుసార్లు తట్టింది. ఒళ్లు కొంచెం పక్కకు వంచి విన్నది. తర్వాతే కన్ను తెరిచింది, తెల్లటి వెలుగు కక్కింది, గోడ మైనమైపోయింది.

పూర్ణిమ తెరను చూడలేదు, తండ్రి ముఖమే చూస్తోంది. ఈ ఒక్క గడియ కోసమే ఆమె అబద్ధాలాడింది. ఇన్నేళ్లుగా మరిచిపోకుండా నీ అడుగు అడుగూ గుర్తుపెట్టుకున్నాడు చూడు నాయనా, ద్వేషమున్నవాడు ఇట్లా చేస్తాడా అని అడుగుదామని బస్సులో మాటలు కూడా కూర్చుకుంది. కానీ బాలస్వామి చూపు తెరమీదినుంచి తన కర్రమీదికి, కర్రమీదినుంచి కాలిమీదికి దిగింది. దవడలు బిగుసుకున్నాయి.

"నన్ను రాకాసిని చేసినాడు," అన్నాడు. "ఊర్లు కూల్చే కుంటి రాకాసిని చేసి, ఊరూరా పిల్లోళ్ల చేత కొట్టిస్తాండాడు. ఇది సూపిచ్చేదానికేనా నన్ను వానలో తడుపుకోని తెచ్చినావ్?"

బాలస్వామి లేచాడు. వాన సంగతి దేవుడెరుగు, నడిచైనా పోతానన్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. అన్నను తేవడానికి దొరికిన ఒక్క దారీ తన చేతులతోనే మూసుకున్నట్టయింది. ఇంక ఈ జన్మకు ఈ మనిషి ముందు ప్రవీణ్ పేరెత్తే వీలు లేదనుకుంది.

వాకిలి దాకా పోయిన మనిషిని బాబ్జాన్ ఆపాడు. బలవంతం చేయలేదు, ఎదురు మాట్లాడలేదు. ఆడేవాళ్లందరికీ తెలిసిన ఒక సంగతుంది పెదనాయనా, అది కూడా చూసి పో, ఆ తర్వాత నీ ఇష్టం అన్నాడు. ముక్కాలోణ్ణి ఎదురుగా నిలబడి గెలిచినవాడు ఇంతవరకు లేడు. గెలవాలంటే వాడి చేత కాలు పెట్టించాలి. అదెందుకు పెడతాడో ఎవరికీ తెలియదు. అది గేములో తప్పనీ, దాంతో ఆట మరీ తేలికైపోతోందనీ దేశమంతటి నుంచీ ఫిర్యాదులు పోయాయి. ఆ గేము చేసిన బెంగుళూరు కంపెనీవాళ్లు అన్ని తప్పులూ దిద్దారు గానీ దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

కాలు పెట్టించడం అన్న మాటకు బాలస్వామి వెనక్కు తిరిగాడు. వచ్చి కూర్చోలేదు. కుర్చీ వెన్ను పట్టుకుని నిలబడ్డాడు.

ఐదో ప్రాకారం మీద ఒక గోపురముంది. గోపురం కొసన రాతి ఆడమనిషి నిలబడి ఉంది, ముఖానికి గోనెపట్ట చుట్టి. ముక్కాలోడు గోపురం దగ్గరికి వచ్చాడు. మామూలుగా అయితే తట్టి, విని, కరిగించాలి. ఇక్కడ అట్లా చేయలేదు. కడుపు కింది చైనును పైకి లేపి, దాని కొసతో ఆ రాతిమనిషి ముఖం మీది గోనెపట్టను నెమ్మదిగా లాగేశాడు. ముఖం బయటపడింది, పెద్ద కండ్లు, సూటి ముక్కు. కాసేపు ఆ ముఖాన్నే చూశాడు. తర్వాత తట్టకుండా, వినకుండా, గోపురం అడుగుకు వెలుగు కొట్టాడు. అడుగు కరిగింది. రాతిమనిషి ముందుకు ఒరిగి ముఖం కిందుగా పడింది.

పడగొట్టడానికే పుట్టిన ఆ యంత్రం చప్పున కాలు చాచి ఆ ముఖం కింద పెట్టింది. ముక్కు నేలకు తగల్లేదు. రాతి బరువంతా ఇనపకాలి మీద పడి, కాలు నలిగి, ముక్కాలోడు అక్కడే ఇరుక్కుపోయాడు.

"ఇంగోసారి ఎయ్యి," అన్నాడు బాలస్వామి.

బాబ్జాన్ మళ్లీ వేశాడు. మళ్లీ గోనెపట్ట తొలిగింది, మళ్లీ కాలు వచ్చింది. ఆ గోనెపట్ట ఎందుకు తీస్తాడో కూడా ఎవరికీ తెలియదనీ, దానివల్ల గెలుపుకూ ఓటమికీ తేడా ఏమీ లేదనీ బాబ్జాన్ చెప్పుకుపోతున్నాడు. బాలస్వామి వినడంలేదు. కుర్చీ వెన్ను మీదికి ఒరిగాడు. పూర్ణిమ పట్టుకుని కూర్చోబెట్టింది.

అప్పుడు ఆయన నోరు విప్పాడు. ఎదురుగా ఉన్న బిడ్డకు చెప్పినట్టు లేదు, తెరమీద ఇరుక్కున్న ముక్కాలోడికి చెప్పినట్టుంది.

"చైను వాడు వదల్లేదు."

పూర్ణిమకు ముందు అర్థం కాలేదు.

"ఆ పొద్దు అమ్మను తీస్కపోయేదానికి వెలుగోడు పక్క నుంచి ట్రాక్టర్లు ఏసుకోని వచ్చినారు జనం. మేళం గూడా తెచ్చుకున్యారు. అమ్మ మొగం ఒకసారి సూపీ సామీ అన్యారు. ఇగ్రహం లేపి నిలబెట్టేదాకా మొగం మింద గోనెపట్ట ఇప్పగూడదు, మా తాత కాలం నుంచీ అదే పద్దతి. నేను ఇప్పినా. నా పనితనం నలుగురూ సూడల్లని ఇప్పినా. కింద ఆపుకు పెట్టిన చెక్క దిమ్మె గూడా నేనే తన్నినా, చైను బిగియకముందే. నాయనా, ఇంగా బిగీలేదు అని వాడు అరుస్తానే ఉండాడు. మేళంలో ఇనపల్లేదని అందరికీ చెప్పినా." ఆగాడు. "ఇనపడింది."

గోనెపట్ట ఉండుంటే విగ్రహం పడినా ముక్కుకు దెబ్బ తగిలేది కాదు. ఒట్టి ముఖం నేలకు పోతుంటే ఆయన కాలు దానంతటదే ముందుకు పోయింది. ముక్కు విరిగిన విగ్రహం గుడికి పనికిరాదు, నీళ్లల్లో వేయాల్సిందే. ఏడాది పని, అంతకు మించి ఆ ముఖం. మనిషన్నవాడు కాలు వెనక్కు లాక్కుంటాడు, శిల్పి ముందుకు పెట్టాడు. ఆ అమ్మవారు ఇవాళ్టికీ చెక్కుచెదరకుండా పూజలందుకుంటోంది. ఆ తప్పుకు ఆయనకు దక్కాల్సిన తిట్ల పూజ మాత్రం కొడుక్కు దక్కింది, ఊరి చేతుల్లో.

"మల్ల వాడు వదిలినాడని ఏంటికి చెప్పినావ్?" పూర్ణిమ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"అందరూ చుట్టూ నిలబడి ఎట్లయింది, ఎట్లయింది అని అడుగుతాండ్రి. దేవుని పని చేసే చెయ్యి తప్పు చేసిందంటే మల్ల ఎవరొస్తారు పాపా? వాడు పిల్లోడు, ఫోన్ల పిచ్చోడని అందరికీ తెలుసు. వాని మింద ఏస్తే నాలుగు దినాలకు మరుస్తారులే అనుకున్యా. వాడు ఆ పొద్దే కాదనింటే అయిపోయేది. నా తట్టు సూసినాడు, అంతే. గోనెపట్ట సంగతి, దిమ్మె సంగతి వాడు సూడలేదేమోలే అని నాకు నేను చెప్పుకుంటా వచ్చినా. అన్నీ సూసినాడు. సూసి గూడా నోరు తెరవల్యా."

పూర్ణిమకు ఒళ్లు మండిపోయింది. జాలి కలగాల్సిన చోట కోపమొచ్చింది, ఆ కోపాన్ని ఆమె దాచుకోలేదు కూడా. నాలుగేళ్లు. వీధిలో అన్నను వేలెత్తి చూపినప్పుడు ఈ మనిషి పక్కనే ఉన్నాడు. పెళ్లిపందిట్లో బంధువులంతా, తండ్రిని కుంటివాణ్ణి చేసిన కొడుకు అని ప్రవీణ్‌ను పంక్తిలోంచి లేపినప్పుడు కూడా తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. ఆ రోజు అన్న వెంట తానూ లేచి రాలేదని ఆమెకు ఇప్పటికీ గుండెల్లో ముల్లు. చేతికందిన ప్రతి మాటా ఆయన్ను అనాలనిపించింది. కానీ కుర్చీలో కూర్చున్నది తను ఎరిగిన బాలస్వామి కాదు. నడుము విరిగినట్టు కూర్చుని, తుడుచుకోకుండా ఏడుస్తున్న ముసలివాడు. బాబ్జాన్ తల తిప్పుకుని కిటికీలోంచి వాన చూస్తున్నాడు.

"వానికి చెప్పల్ల," అన్నాడు బాలస్వామి. "వాని కాళ్లు పట్టుకోని చెప్పల్ల. ఆడ, అమ్మ గుడి ముందర, ఆ జనాలనే పిలిపిచ్చి చెప్తా. వాడు యాడుండాడో కనుక్కోండి. ఈ పొద్దే పోదాం."

ఇన్నాళ్లూ పూర్ణిమ ఎదురుచూసిన మాట అదే. కోపం కోపంగానే ఉంది, దాని పక్కనే ఆశ కూడా వచ్చి కూర్చుంది. ఎట్లా కనుక్కోవడమని బాబ్జాన్ వైపు తిరిగింది. ప్రవీణ్ నంబరు తన దగ్గరా లేదనీ, కంపెనీవాళ్లు ఫోన్లు ఎత్తరనీ అతను ఇంతకు ముందే చెప్పి ఉన్నాడు. అయితే ఏడో ప్రాకారం కాచుకుని ఆట పూర్తిగా గెలిస్తే చివర్లో గేము చేసినవాళ్ల పేర్లు వస్తాయట. ఎవరూ చూడరు, అందరూ ఒక మీట నొక్కి దాటేస్తారు, తానూ అంతే అన్నాడు. పేరుతోపాటు ఊరో, పని చేసే చోటో ఉంటే పట్టుకోవడం కష్టం కాదు.

కానీ గెలవాలంటే ముక్కాలోణ్ణి చంపాలి, వాడు కాలు ఇరుక్కుని కదల్లేకుండా ఉన్నప్పుడే చంపాలి. బాబ్జాన్ మౌసు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. ఎదురుగా ఆ నడక సొంతదారు కూర్చుని ఉన్నాడాయె.

"కొట్టబ్బీ," అన్నాడు బాలస్వామి.

నాలుగు వైపుల నుంచీ ఫిరంగులు పేలాయి. ముక్కాలోడు కాలు లాక్కోవడానికి చూడలేదు. నలిగిన కాలిమీద ఆ రాతి ముఖాన్ని అట్లాగే పట్టుకుని, ఒక్కో దెబ్బకూ కొంచెం కొంచెం కుంగుతూ, చివరికి మోకాళ్ల మీద కూలిపోయాడు. కన్ను ఆరిపోయింది. ఒళ్లంతా ముక్కలైంది, ముఖం మాత్రం పగల్లేదు. బాలస్వామి రెప్ప వేయకుండా అంతా చూశాడు.

తెర నల్లబడింది. పేర్లు కిందినుంచి పైకి పోవడం మొదలైంది, అన్నీ ఇంగ్లీషులో. పూర్ణిమ ఒక్కొక్కటీ పైకే చదివింది. గోడలు గీసినవాళ్లు, సంగీతం చేసినవాళ్లు, లెక్కలు రాసినవాళ్లు. ప్రతి పేరుకూ బాలస్వామి వాడేనా, వాడేనా అన్నట్టు ఆమె వైపు చూస్తున్నాడు. ప్రవీణ్ పేరు రాలేదు. పేర్లు పలచబడ్డాయి. చివరిది కూడా పైకి పోయి తెర ఖాళీ అయింది. అయిపోయిందనుకుని బాబ్జాన్ మీట నొక్కబోయాడు.

అప్పుడు ఒక నల్లరాతి పలక తేలింది. దాని మీద అక్షరాలు ఉలితో చెక్కినట్టున్నాయి. ఇంగ్లీషు కాదు, తెలుగు. ఆ తలకట్టు తీరు చూడగానే అది తన పనిశాల తీరని బాలస్వామికి తెలిసిపోయింది. పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం చెక్కడం నేర్పింది ఆయనే. ముందుకు వంగి, ఎవరి సాయమూ లేకుండా తానే చదివాడు.

"మా నాయన, శిల్పి బాలస్వామి, ఆళ్లగడ్డ. జననం పంతొమ్మిది వందల అరవై నాలుగు." కింది వరస చదవడానికి కండ్లు చికిలించాడు. "మరణం, రెండువేల ఇరవై మూడు. ఈ నడక ఆయనది. కొడుకు ప్రవీణ్."

బాలస్వామి ఇంకోసారి చదివాడు, ఈసారి పెదవులతోనే. చచ్చినవాళ్ల కోసం ఇట్లాంటి పలకలు ఆయన ఎన్ని చెక్కాడో లెక్కలేదు. తన పలక తాను చదువుకుంటానని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

"అయితే నాకు పిండం పెట్టేసినాడు వాడు," అన్నాడు మెల్లగా. ఆ మాటలో కొడుకు మీద కోపం లేదు. వాడు ఎక్కడో ఒక నీటి ఒడ్డున, ఒక్కడే, తల గొరిగించుకుని కూర్చున్నట్టు ఆయనకు కనిపించింది కాబోలు, తన తల తాను తడుముకున్నాడు.

పూర్ణిమ మరణమన్న వరసను మళ్లీ చదివింది. అలిగి దూరంగా ఉన్న కొడుకు ఎప్పటికైనా వస్తాడు. తండ్రి లేడనుకున్న కొడుకు ఎవరి కోసం వస్తాడు? మరి చెల్లెలున్న సంగతి? ఆమె గురించి వాడికి ఏం చెప్పారో, ఎంత మాట చెప్తే వాడు ఆమెను కూడా వదిలేసుకున్నాడో. అసలు చెప్పిందెవరు? రెండువేల ఇరవై మూడు. రెండేళ్ల కిందట ప్రవీణ్ ఫోన్ చేసింది ఆ సంవత్సరమే. ఆ ఫోన్ ఎత్తింది ఒకే ఒక్క మనిషి.

ఆమె ఆ పేరు మనసులో కూడా పూర్తిగా అనుకోకముందే చేతిలో ఫోన్ మోగింది.

"ఎవరు?" అన్నాడు బాలస్వామి, తెర మీదినుంచి చూపు తిప్పకుండా.

"చిన్నాయన."

బాలస్వామి కండ్లు తుడుచుకున్నాడు. ఆయన ముఖంలో ఏడుపు పోయి, రాయి ముందు కూర్చున్నప్పుడుండే నిదానం వచ్చింది.

"ఎత్తు. ఎత్తి, నాయన సచ్చిపోయినాడని చెప్పు. ఏమంటాడో ఇందాం."

పూర్ణిమ తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన తల ఊపాడు. స్పీకరు నొక్కి, ఆయన చెప్పమన్న మాటే చెప్పింది.

అవతల నుంచి ఏడుపు లేదు. ఎట్లా అని గానీ, ఎప్పుడు అని గానీ, ఎక్కడున్నారని గానీ అడగలేదు. తోడబుట్టినవాడు పోయాడని విన్న లక్ష్మీనారాయణ మొదట అన్న మాట ఒక్కటే.

"ప్రవీణ్‌గానికి మాత్రం నువ్వు ఫోన్ చేయగాకు. వానికి నేను చెప్పుకుంటా."

వాడి నంబరు తన దగ్గర లేదని రెండేళ్లుగా చెబుతూ వచ్చిన మనిషి.

బాలస్వామి చేతికర్ర తీసుకుని ఫోన్ పక్కనే నేల మీద రెండుసార్లు తట్టాడు. తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. ఆ చప్పుడు ఎవరిదో ఆ ఇంట్లో తెలియనివాళ్లు లేరు. ఫోన్లో లక్ష్మీనారాయణ ఊపిరి కూడా వినపడకుండా పోయింది.